పొయ్యిలో కాళ్లు పెట్టిన దయ్యం

మా చిన్నప్పుడు పెళ్లి అయిన మర్నాటి రాత్రి ఊళ్లో వీడియో వేసేవారు. టీవీ, వీసీఆర్, జనరేటరు కింద ఊరినుంచి జీపులో వచ్చేవి. గెడ్డ దగ్గర జీపు ఆగిపోతే టీవీని దుప్పట్లో చుట్టి మేమే మోసుకొచ్చేవాళ్లం. రాత్రికి మూడు క్యాసెట్లు. మొదటిది దేవుడి సినిమా, రెండోది ఫైటింగు సినిమా. పిల్లలు నిద్రపోయారని పెద్దవాళ్లు అనుకున్నాక మూడోది, దయ్యాల సినిమా. నిజానికి పిల్లలమెవరం నిద్రపోయేవాళ్లం కాదు. దుప్పటి కన్నంలోంచి చూసేవాళ్లం.

అలా చూసిన వాటిల్లో 'జగన్మోహిని' ఒకటి. విఠలాచార్య 1978లో తీసిన సినిమా. అందులో ఒక దృశ్యం తెలుగునాట చూడనివాళ్లు తక్కువ. దయ్యం వంట చేస్తుంటుంది. పొయ్యిలోకి కట్టెలకు బదులు తన కాళ్లే పెడుతుంది. కాళ్లు మండుతుంటాయి, వంట ఉడుకుతుంటుంది. మేం బిగుసుకుపోయాం. అప్పుడు వెనకనుంచి ఒక ముసలమ్మ గొంతు వినిపించింది. "ఏటర్రా, ఆ ఇంట్లో కర్రలు లేవేటి? పాపం ఆడమనిషి, కాళ్లెట్టేసుకుంది!"

ఊరంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా మాకు భయం వేయలేదు.

ఆ నవ్వు గురించి మేం చాలాకాలం ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించక తప్పదనిపిస్తోంది. మన పిల్లలు ఇవాళ ఆ సినిమాలు ఊరితో కలిసి చూడటం లేదు. ఆశ్రమ పాఠశాల వసారాలో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కో ఫోను చుట్టూ ఇద్దరు ముగ్గురు చేరి చూస్తున్నారు. వెనకనుంచి మాట వేసే ముసలమ్మ అక్కడ లేదు. చవక దయ్యాల సినిమాలు మంచివా చెడ్డవా అని తీర్పు చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. సినిమా మనల్ని భయపెట్టడంలో తప్పులేదు. ఎవరిని చూసి భయపడమంటోందన్నదే మా ప్రశ్న.

చవక దయ్యాల గొప్పతనం

ముందు మంచి చెప్పుకుందాం. విఠలాచార్య కర్ణాటకలోని ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి తెలుగులో జానపద సినిమాలకు మారుపేరైన మనిషి. 'బందిపోటు', 'గురువును మించిన శిష్యుడు', 'అగ్గిపిడుగు', 'లక్ష్మీకటాక్షం' ఆయనవే. పెద్ద పెద్ద సెట్లకు డబ్బు తగలేయలేదు. చెప్పిన రోజుల్లో, ఉన్న డబ్బులో సినిమా ముగించేవాడని పేరు. నటుడు షూటింగుకు సరిగా రాకపోతే ఆ పాత్రను చిలకగానో మేకగానో మార్చేసి కథ నడిపించేవాడని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఎంత నిజమో గానీ, ఆయన సినిమాలు చూసినవాళ్లకు నమ్మాలనిపిస్తుంది. ఎప్పుడు ఎవరు ఏ జంతువు అవుతారో తెలియని లోకం అది.

ఆ లోకంలో మాయలు ఎలా చేశారో కాస్త శ్రద్ధగా చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. కెమెరా ఆపుతారు, మనిషి పక్కకు తప్పుకుంటాడు, అక్కడ అస్థిపంజరాన్ని నిలబెడతారు, మళ్లీ కెమెరా తిప్పుతారు. చూసేవాడికి మనిషి ఎముకల గూడైపోయినట్టు కనిపిస్తుంది. ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ అనే గారడీవాడు 1896లోనే ఈ కిటుకుతో ఒక ఆడమనిషిని తెరమీద మాయం చేశాడు. ఒకే ఫిల్ము మీద రెండుసార్లు బొమ్మ తీస్తే దయ్యంలోంచి గోడ కనిపిస్తుంది. తీగ కడితే కత్తి గాల్లో ఎగురుతుంది. కుంపట్లో సాంబ్రాణి వేస్తే పాతాళలోకం తయారు.

డబ్బు తక్కువ కాబట్టి ఆ కుట్లు బయటికి కనిపిస్తాయి. కుటుంబాలతో చూసేవాళ్లకు అదే మేలు చేసింది. పిల్లవాడు భయపడతాడు, తీగ కనబడగానే నవ్వుతాడు, పక్కవాడికి చూపిస్తాడు. భయం ఎక్కడినుంచి వస్తుందో, దాన్ని ఎవరు ఎలా తయారు చేస్తారో ఆ సినిమాలు తెలియకుండానే నేర్పాయి. కంప్యూటరులో చేసిన ఇప్పటి రాక్షసుడికి కుట్లు కనబడవు. వాడి ముందు పిల్లవాడు నోరు తెరుచుకుని కూర్చోవాల్సిందే.

ఇంకో సంగతి. 'జగన్మోహిని' దయ్యం మోసపోయి చచ్చిన ఆడది. తెలుగు దయ్యాల సినిమాల్లో సగం ఇదే కథ. బతికుండగా మాట చెల్లనివాళ్లు చచ్చాక గొంతు తెచ్చుకుంటారు. దయ్యం నోట వచ్చే ఫిర్యాదు చాలాసార్లు న్యాయమైనదే. సినిమా చివర్లో దేవత వచ్చి ఆ దయ్యాన్ని అణిచేస్తుంది గానీ, ఆ ఫిర్యాదుకు మాత్రం ఎవరూ జవాబు చెప్పరు. మన ఊళ్లలో ఆడవాళ్లు ఈ సినిమాలు చూస్తూ దయ్యం వైపే మాట్లాడటం మేం చాలాసార్లు విన్నాం.

మాంత్రికుడు ఎక్కడివాడు?

ఇక మనల్ని గుచ్చుకునే సంగతికి వద్దాం. ఈ సినిమాల్లో దయ్యం ఎక్కడ ఉంటుంది? అడవిలో, కొండ గుహలో, ఊరి పొలిమేర అవతల. మాంత్రికుడు ఎవరు? ఎక్కడినుంచో వచ్చినవాడు. 'పాతాళభైరవి' 1951లో వచ్చింది. ఎస్.వి.రంగారావు వేసిన ఆ గొప్ప పాత్రను నేపాళ మాంత్రికుడు అంటారు. మామూలు మాటల్లో మళయాళ మాంత్రికుడు అంటుంటాం. 'మా ఊరి పొలిమేర' కథలోనూ దారి కేరళ వైపు వెళుతుంది. నేపాళమైనా మళయాళమైనా, చెడు మన ఊళ్లో పుట్టలేదని, బయటివాడు తెచ్చాడని చెప్పడమే పని.

ఆ బయటివాళ్ల వరసలో మనల్నీ నిలబెట్టారు. నెత్తిన ఈకలు, నడుముకు ఆకులు, ముఖానికి మసి, చేతిలో బల్లెం, నోట్లో అర్థం లేని కేకలు. జానపద సినిమాలో హీరో అడవిలో దారి తప్పితే ఈ మనుషులే పట్టుకుని బలిపీఠం దగ్గరకు ఈడ్చుకెళ్తారు. వాళ్లు మాట్లాడేది కువి కాదు, సవర కాదు, గోండి కాదు, కోయ కాదు. ఏ భాషా కాదు. సినిమాల్లో హీరో మారువేషం వేయాలంటే కోయదొర అవుతాడు, నెమలీకలు పట్టుకుని జోస్యం చెబుతాడు, జనం నవ్వుతారు. హాస్యానికి కోయదొర, భయానికి అడవి మనిషి. మామూలు మనిషి వేషం మాత్రం మనకు దొరకదు.

నరబలి మాట ఎక్కడినుంచి వచ్చిందో మన యువతకు తెలియాలి. కోందుల్లో మెరియా అనే నరబలి ఆచారం ఒకప్పుడు ఉండేది. దాన్ని దాచనక్కర్లేదు, సమర్థించనక్కర్లేదు. దాన్ని ఆపడానికని ఆంగ్లేయులు 1845లో మెరియా ఏజెన్సీ పేరుతో ప్రత్యేక యంత్రాంగం పెట్టారు. బలులు ఆగాయి. వాటితోపాటే కొండలు కంపెనీ పాలన కిందికి పోయాయి. బలి పోయింది గానీ బలి ఇచ్చే జనం అన్న ముద్ర పోలేదు. ఆ ముద్రకు వందేళ్లు దాటాక రంగు పూసి, ఈకలు గుచ్చి, తెరమీదికి తెచ్చారు. అదే కాలంలో తమ ఊళ్లను, తమ మనుషులను పోగొట్టుకున్న కోందుల కథ మాత్రం ఏ సినిమాకూ కనబడలేదు. నిజానికి భయం పుట్టించే కథ అదే.

పోయినవాళ్లు మనకు ఏమవుతారు?

మనకు దయ్యాలు లేవని మేం గొప్పలు చెప్పుకోవడం లేదు. మనకూ భయాలున్నాయి. చీకటి పడ్డాక కొన్ని చెట్ల కిందికి వెళ్లొద్దంటారు. కాన్పులో పోయిన ఆడమనిషి గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. కానీ పోయినవాళ్లతో మన సంబంధం అక్కడితో ఆగదు.

సవరలను చూడండి. పోయిన మనిషి మొదట్లో బాధతో, కోపంతో ఉంటాడు, బతికున్నవాళ్లకు జబ్బు తెస్తాడు అని వాళ్ల నమ్మకం. అయితే అతన్ని సీసాలో బంధించరు, నిప్పుతో తరమరు. పూనకంలో ఉన్న మధ్యవర్తి నోటిద్వారా అతనితో మాట్లాడతారు. ఎందుకు పోయావు, ఏం కావాలి, ఎవరిమీద కోపం అని అడుగుతారు. ఏడుస్తారు, పోట్లాడతారు, జోకులు కూడా వేస్తారు. అతని కోసం గోడమీద బొమ్మ గీస్తారు. ఏళ్లు గడిచాక అతను చల్లబడి పెద్దల్లో కలుస్తాడు, పుట్టిన పిల్లకు తన పేరు ఇస్తాడు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఇప్పుడు చాలా సవర ఊళ్లు వేరే మతాల్లోకి వెళ్లాయి, ఈ మాటలు తగ్గిపోయాయి. అయినా చచ్చినవాడితో మాట్లాడి రాజీ కుదుర్చుకోవచ్చన్న ఆలోచన చిన్నది కాదు.

కోయలకు వేల్పులున్నారు. సమ్మక్క, సారలమ్మ పోరాడి నేలకొరిగినవాళ్లు. మేడారంలో రెండేళ్లకోసారి మాఘ పున్నమికి లక్షలమంది వెళ్లి మొక్కుతారు. అక్కడ విగ్రహం లేదు. వెదురు, కుంకుమ భరిణె. సినిమా లెక్కలో చూస్తే అన్యాయంగా చచ్చిన తల్లీకూతుళ్లు పగబట్టిన దయ్యాలు కావాలి. కోయల లెక్కలో వాళ్లు తల్లులయ్యారు.

తెలుగు దయ్యాల సినిమాలో దయ్యంతో ఎవరూ మాట్లాడరు. స్వామీజీనో, మాంత్రికుడినో, దేవతనో పిలుస్తారు. తరమడం, కాల్చడం, బంధించడం తప్ప నాలుగో దారి ఉండదు. మన దగ్గర ఉన్నది ఆ నాలుగో దారే. దాన్ని మన పిల్లలు మన పెద్దల దగ్గర నేర్చుకోకముందే సినిమా దగ్గర మిగతా మూడూ నేర్చుకుంటున్నారు.

ఇల్లు ఎవరిది?

2013లో 'ప్రేమకథా చిత్రమ్' వచ్చింది. చిన్న సినిమా, పెద్ద విజయం. చావాలని ఊరవతల ఇంటికి వెళ్లినవాళ్లను దయ్యం పట్టుకుంటుంది. ఆ తర్వాత 'గీతాంజలి', 'రాజుగారి గది' వంటివి వరసకట్టాయి. ఒక ఇల్లు, నలుగురు కమెడియన్లు, ఒక తెల్లచీర ఉంటే సినిమా అయిపోతుంది. ఇంట్లో అందరూ కూర్చుని చూస్తారు. వీటిల్లో చాలావాటికి రెండోసారి చూసే బలం లేదు. తలుపు టపామంటుంది, కమెడియన్ కెవ్వుమంటాడు, మనం నవ్వుతాం, మర్చిపోతాం. దయ్యం పట్టిందని ఆడపిల్లను కొట్టే దృశ్యానికి కూడా వీటిల్లో నవ్వమంటారు. ఆ ఒక్కచోట మేం నవ్వలేం.

వీటిమధ్య మాకు నచ్చింది మహి వి. రాఘవ్ తీసిన 'ఆనందో బ్రహ్మ', 2017లో వచ్చింది. కథ సులువు. ఇంటిని అమ్ముకోవాలని యజమాని చూస్తాడు. ఇంట్లో దయ్యాలున్నాయని ఎవరూ కొనరు. డబ్బు అవసరం పీకలమీదికి వచ్చిన నలుగురు ఆ ఇంట్లో రాత్రుళ్లు ఉండి దయ్యాలు లేవని చూపిస్తామని ఒప్పుకుంటారు. అక్కడినుంచి తలకిందులు. దయ్యాలు ఎంత భయపెట్టినా ఆ నలుగురూ భయపడరు. చివరికి మనుషుల్ని చూసి దయ్యాలే హడలిపోతాయి.

మేం ఈ సినిమా కడుపుబ్బా నవ్వుతూ చూశాం. చూశాక ఒక ఆలోచన వదల్లేదు. ఇల్లు వదలని దయ్యాలు, ఖాళీ చేయించాలనుకునే మనుషులు. ఈ కథ మనకు కొత్తదా? పోలవరం ముంపు ఊళ్లు వదిలివచ్చిన కోయ, కొండరెడ్డి కుటుంబాలను అడగండి. ఇల్లు వదిలారు, పొలం వదిలారు. పోయిన పెద్దల రాళ్లను, వేల్పుల చోట్లను కొత్త కాలనీకి ఎలా తెచ్చుకుంటారు? ఆ పోయినవాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నట్టు? నిర్మాత దీన్ని ఊహించి ఉండడు. ఊహించాల్సిన పని కూడా లేదు. సినిమా ఒకరు తీస్తారు, చూసేది వేరేవాళ్లు. మన చూపుతో చూస్తే చవక హాస్యంలోనూ మన కథ దొరుకుతుంది. ఎవరిని చూసి ఎవరు భయపడాలన్న ప్రశ్నను తిప్పి అడిగింది కాబట్టి ఈ సినిమా మాకు నచ్చింది.

అనుమానం నిజమైతే

ఇప్పుడు నవ్వులేని మాట. మన ప్రాంతాల్లో దీన్ని చిల్లంగి అంటారు, తెలంగాణలో చేతబడి, బాణామతి అంటారు. ఊళ్లో వరసగా జ్వరాలొస్తాయి. మలేరియా అని తెలిసేలోగా ఇద్దరు ముగ్గురు పోతారు. అప్పుడు చూపులన్నీ ఒక ఇంటివైపు తిరుగుతాయి. చాలాసార్లు అది ఒంటరి ముసలమ్మ ఇల్లు, లేదా ఊరి చివర తగాదాలో ఉన్న చెక్క భూమి యజమాని ఇల్లు.

మాకు తెలిసిన ఒక ఊళ్లో ఒక ముసలమ్మ అలా రాత్రికి రాత్రి ఇల్లు వదిలి కూతురి ఊరు పోయింది. పోకపోతే ప్రాణం దక్కేది కాదు. ఆమె గుడిసె వెతికిన కుర్రాళ్లు నిమ్మకాయలు, బొమ్మలు, పుర్రె ఉంటాయని వెతికారు. మన ఊళ్లలో చిల్లంగి గురించి పెద్దలు చెప్పే మాటల్లో ఆ బొమ్మలు, ఆ పుర్రెలు లేవు. అవి సినిమాలోవి. అనుమానం ఊరిది, దానికి ఆకారం ఇచ్చింది సినిమా. దొరికింది ఎండిన వేర్లు, పిల్లలకు కడుపునొప్పికి ఆమె ఇచ్చే మందు.

ఈ నేపథ్యంలో రెండు సినిమాలు చూడండి. 'మా ఊరి పొలిమేర' 2021లో తక్కువ ఖర్చుతో వచ్చి బాగా ఆడింది. పల్లె వాసన, నటన, చివరి మలుపు బాగా కుదిరాయి. 'విరూపాక్ష' 2023లో ఎక్కువ హంగుతో వచ్చింది. అందులో మొదట్లోనే ఊరిజనం ఒక జంటను క్షుద్రపూజల నెపంతో తగలబెడతారు. ఆ దృశ్యం మనల్ని వణికిస్తుంది. ఇంత క్రూరమా అనిపిస్తుంది. అయితే తర్వాత ఏమవుతుంది? కాలినవాళ్ల శాపం నిజమవుతుంది. పన్నెండేళ్లకు ఊళ్లో చావులు మొదలవుతాయి. మంత్రం నిజం, శక్తి నిజం. 'పొలిమేర'లోనూ ఊరివాళ్లకు ఒక మనిషిమీద కలిగిన అనుమానం చివరి మలుపులో నిజమేనని తేలుతుంది.

కథగా చూస్తే అది గొప్ప మలుపే. ప్రేక్షకుడు సీటులో లేచి కూర్చుంటాడు. మన ఊళ్లో కూర్చుని చూస్తే ఆ మలుపు ఇంకో మాట చెబుతుంది. అనుమానించినవాళ్లు మూర్ఖులు కారు, వాళ్లకు ముందే తెలిసింది అంటుంది. చంపడం తప్పంటూనే చంపినవాళ్ల కారణం నిజమని ఒప్పుకుంటుంది. విఠలాచార్య మాంత్రికుడు ఏ ఊళ్లోనూ లేడు. వాడి కిరీటం అట్టముక్క అని అందరికీ తెలుసు. ఈ కొత్త మాంత్రికుడు ఆటో తోలతాడు, మన భాష మాట్లాడతాడు, పక్కింట్లో ఉంటాడు. అందుకే ప్రమాదం. ఇవి పిల్లల కోసం తీసినవి కావు, నిజమే. ఫోనుకు ఆ తేడా తెలియదు.

పక్క రాష్ట్రాలు ఈ హత్యలను చిన్న విషయంగా తీసుకోలేదు. మంత్రగత్తె నింద వేసి వేధించడాన్ని నేరం చేస్తూ ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో చట్టాలు చేశాయి. మహారాష్ట్ర 2013లో నరబలి, చేతబడి పేరుతో జరిగే దారుణాలకు వ్యతిరేకంగా చట్టం తెచ్చింది. చట్టం పోలీసు స్టేషను దాకా వస్తుంది. చీకట్లో ఫోను చూసే కుర్రాడి మనసు దాకా మాత్రం మాటే వెళ్లాలి.

బడిలో ఏం చేద్దాం?

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఫోన్లు లాక్కుని, దయ్యాల సినిమాలు చూడొద్దని హాస్టల్లో తిట్టి లాభం లేదు. మేమూ దుప్పటి కన్నంలోంచి చూసినవాళ్లమే. దానికంటే ఒక శనివారం రాత్రి మీరే ఒక సినిమా వేయండి. 'జగన్మోహిని' అయినా సరే, 'ఆనందో బ్రహ్మ' అయినా సరే. దీపాలు ఆర్పకండి. మధ్యలో ఆపండి. మాట్లాడనివ్వండి.

తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. ఈ సినిమా ఎవరిని చూసి భయపడమంటోంది? ఆ మనిషి మన ఊళ్లో ఉంటే ఎవరై ఉంటారు? దయ్యంతో ఎవరైనా కూర్చుని మాట్లాడితే అది ఏం చెప్పేది? మూడో ప్రశ్నకు పిల్లలు రాసే జవాబులు సినిమాకంటే బాగుంటాయని మా అనుభవం.

ఇంకో పని. పిల్లల ఫోనుతోనే వాళ్లచేత ఒక దయ్యాన్ని తీయించండి. కెమెరాను రాయిమీద కదలకుండా పెట్టండి. ఒకడు చెట్టు కింద నిలబడాలి. రికార్డింగు ఆపాలి, వాడు తప్పుకోవాలి, మళ్లీ మొదలుపెట్టాలి. మాయమైపోయాడు! అయిదు నిమిషాల పని. తన చేత్తో దయ్యాన్ని తయారుచేసిన పిల్ల ఇంకెవరి ఇంట్లోనూ దయ్యాన్ని వెతకదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకొక మాట. మన దిసారిని, మన గురువులను, మందు తెలిసిన ముసలమ్మలను సినిమా కళ్లతో చూడకండి. వాళ్లు చెప్పేదంతా నమ్మమని మేం అనడం లేదు. జ్వరమొస్తే ముందు ఆసుపత్రికి పోవాల్సిందే. కానీ వాళ్ల దగ్గర కూర్చుని, పోయినవాళ్ల గురించి మన భాషలో ఏం చెబుతారో అడిగి రాసుకోండి. రేపు మీలో ఎవరో ఒక చిన్న సినిమా తీస్తారు. ఫోనుతోనే తీయండి, ఖర్చు అక్కర్లేదు. అందులో దయ్యం ఉండనివ్వండి, భయం ఉండనివ్వండి. ఆ దయ్యాన్ని ఏం కావాలని అడిగే మనిషి కూడా ఉండాలి.

మా ఊరి ముసలమ్మ అడిగింది అదే. దయ్యం కాళ్లు మండుతుంటే అందరం మంటను చూశాం. ఆమె ఒక్కతే ఆ ఇంట్లో కర్రలు లేవని చూసింది, లేచి తెచ్చిచ్చేలా మాట్లాడింది. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఫోను ముందు కూర్చున్న పిల్లల వెనక ఆ మాట వేసేవాళ్లు కావాలి. ఆ పని మనమే చేద్దాం.